వృద్ధుల పాదాలకు నిలకడ: ఇంటిలోనే చేయదగిన సాధన

అరవై దాటిన పెద్దలున్న ప్రతి ఇంటిలోనూ మధుమేహం గురించి, రక్తపోటు గురించి తరచుగా మాట్లాడుకుంటారు. పడిపోవడం గురించి మాత్రం పడిన తరువాతనే మాట్లాడుకుంటారు. "వయసు మీదపడింది, కాలు జారింది" అని సరిపెట్టుకుంటారు. నిజానికి వృద్ధాప్యం ఎంత సహజమో, పడిపోవడం అంత సహజం కాదు. దానికి కారణాలున్నాయి. కారణాలున్న చోట నివారణ కూడా ఉంటుంది. నిదాన పరివర్జనమే, అనగా కారణాన్ని తొలగించుకోవడమే, చికిత్సలో మొదటి మెట్టు అని గురుకులంలో మా గురువుగారు మొదటి పాఠంగా చెప్పేవారు. ఈ వ్యాసంలో ఆ మెట్టునే వివరించదలచాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వలన ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తు తగిలే గాయాల వలన కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఇట్లా మరణించేవారిలో అరవై దాటినవారే అధికం. మరణం దాకా పోకపోయినా, వైద్యం అవసరమయ్యేంతగా దెబ్బలు తగిలించుకునేవారు ఏటా 3 కోట్ల 70 లక్షల పైచిలుకు ఉన్నారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన పెద్దలలో చాలామంది తిరిగి మునుపటి వలె నడవలేకపోతున్నారు. అందుచేత ఇది చిన్న విషయమని తోసిపుచ్చరాదు.

బొగ్గు బాయి వదిలినా వదలని బాధలు

నేను వైద్యం చేస్తున్నది రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో. సింగరేణి సంస్థ 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు తవ్వకం ఆరంభించింది. మా ప్రాంతంలో గనులు 1960 దశకపు ఆరంభంలో మొదలయ్యాయి. పల్లెలు వదిలి వచ్చి, తట్టా చెమ్మస్ పట్టి, బొగ్గు నింపిన తరం వారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏండ్ల పెద్దలు. వీరిలో చాలామంది కొడుకు కొలువు చేస్తుండగా కంపెనీ క్వార్టరులోనో, సొంతంగా కట్టుకున్న చిన్న ఇంటిలోనో శేషజీవితం గడుపుతున్నారు.

భూగర్భ గనిలో ఏండ్ల తరబడి వంగి, మోకాళ్లపై కూర్చుని, బరువులెత్తి పనిచేసిన దేహానికి వార్ధక్యం కొంచెం ముందుగానే వస్తుంది. మోకాలి కీళ్లు అరిగిపోతాయి. బ్రిటన్ దేశంలో భూగర్భ బొగ్గు గని కార్మికులకు వచ్చే మోకాలి కీళ్ల అరుగుదలను 2009లో వృత్తి సంబంధమైన వ్యాధిగా ప్రభుత్వమే గుర్తించింది. యంత్రాల రొద వలన వినికిడి తగ్గుతుంది. ధూళి వలన ఊపిరి సరిపోక, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. ఆయాసానికి భయపడి కూర్చుంటారు. కూర్చున్నకొద్దీ తొడల కండ సన్నబడుతుంది. కండ సన్నబడినకొద్దీ కాలు తడబడుతుంది.

ఇండ్లలోని ఆడవారి స్థితి దీనికి తీసిపోదు. నీళ్ల బిందెలు మోసి, బొగ్గుల పొయ్యి ముందు దశాబ్దాల తరబడి గొంతుకూర్చుని వంట చేసిన తల్లులకు మోకాళ్ల నొప్పి లేని రోజు ఉండదు. ముట్లుడిగిన తరువాత స్త్రీలకు ఎముకలు త్వరగా గుల్లబారుతాయి. కనుక పడినప్పుడు ఎముక విరిగే అపాయం వారికే ఎక్కువ.

గనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే అది కాగితం మీదికి ఎక్కుతుంది, విచారణ జరుగుతుంది. ఇంటి స్నానాలగదిలో అరవై అయిదేండ్ల తల్లి పడితే ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. ఆ పుస్తకం ఇంటివారే పెట్టుకోవాలి.

ఆయుర్వేద దృష్టిలో కారణం

జీవితపు తుది భాగంలో వాతం ప్రబలుతుందని మన శాస్త్రం చెబుతుంది. వాతానికి అస్థి ఆశ్రయం. అయితే ఈ ఆశ్రయంలో ఒక విచిత్రం ఉంది. వాతం పెరిగినకొద్దీ అస్థి ధాతువు క్షీణిస్తుంది. కీళ్లలో జిగురుగా ఉండి వాటిని సాఫీగా కదిలించే శ్లేషక కఫం ఎండుతుంది. మాంస ధాతువు సన్నగిల్లుతుంది. పాదాలలో తిమ్మిరి, మొద్దుబారడం మొదలవుతాయి.

ఆధునిక వైద్యులు ఇదే సంగతిని మరొక విధంగా వివరిస్తారు. మనిషి నిలకడకు మూడు ఆధారాలు. కన్ను పరిసరాలను చూపుతుంది. లోపలి చెవి తల ఎటు వాలిందో తెలుపుతుంది. పాదమూ కీలూ నేల స్పర్శను తెలుపుతాయి. ఈ మూడింటి కబురు అందుకుని మెదడు ఆజ్ఞ ఇస్తే, కండలు క్షణంలో సర్దుకోవాలి. వృద్ధులలో ఒక్కొక్క ఆధారం కొంత కొంత తగ్గుతుంది. శుక్లాలు వచ్చిన కన్ను, మధుమేహంతో స్పర్శ తగ్గిన పాదం, బలం చాలని తొడ, ఈ మూడూ కలిసినవారికి చీకటిలో గడప దాటడం కూడా పరీక్షే అవుతుంది.

వృద్ధులకు వ్యాయామం నిషేధం కదా?

ఆయుర్వేదం కొంత చదివిన పాఠకులు ఈ ప్రశ్న వేస్తారు. ప్రశ్న సమంజసమైనదే. వృద్ధులు, వాతపిత్త రోగులు వ్యాయామాన్ని విడిచిపెట్టాలని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పిన మాట వాస్తవం. ఈ మాటను పట్టుకుని "ఇక మీరు కదలకండి" అని పెద్దలను మంచానికి పరిమితం చేసేవారు కూడా ఉన్నారు.

అయితే అక్కడ వ్యాయామమంటే దేహాన్ని బాగా అలయించే కసరత్తు అని సందర్భాన్ని బట్టి గ్రహించాలి. అది వయసులో ఉన్న బలవంతుడు చేయదగినది. దేహానికి పీడ కలిగించని మెల్లని నడక ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందని సుశ్రుతాచార్యులు ప్రత్యేకంగా ప్రశంసించారు. చరకాచార్యులు వ్యాయామాన్ని నిర్వచిస్తూ బలంతో పాటు స్థైర్యాన్ని కూడా దాని ప్రయోజనంగా చెప్పారు. స్థైర్యమంటే నిలకడే. కనుక పెద్దలకు నిషేధించినది శ్రమ, చలనం కాదు.

బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలన్న నియమం వృద్ధులకు మరింత ముఖ్యం. నుదుట చిరుచెమట పోసినా, ముక్కుతో గాక నోటితో ఊపిరి తీయవలసి వచ్చినా ఆపివేయాలి. ఊపిరితిత్తులలో బొగ్గు ధూళి చేరిన మా ప్రాంతపు పెద్దలకు ఈ గుర్తు చాలా ఉపయోగపడుతుంది.

న్యూజిలాండ్ దేశంలోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యులు ఎనభై ఏండ్లు, ఆపై వయసు గల 233 మంది స్త్రీలపై జరిపిన పరిశీలన 1997లో వెలువడింది. ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి కాళ్ల బలానికి, నిలకడకు సంబంధించిన కదలికలను నేర్పారు. అవి చేసినవారు తక్కువగా పడ్డారు. ఇటువంటి నాలుగు పరిశీలనలను కలిపి చూడగా పడిపోవడం సుమారు మూడవ వంతు తగ్గినట్లు 2002లో తేలింది. వివిధ దేశాలలో జరిగిన నూరుకు పైగా పరిశీలనలను 2019లో సమీక్షించినప్పుడు కూడా వ్యాయామం వలన పడిపోవడం దాదాపు నాలుగవ వంతు తగ్గుతుందని వెల్లడైంది.

భయం చేసే హాని

డెబ్బై రెండేండ్ల విశ్రాంత కార్మికుడొకరు రెండేండ్ల క్రితం నా వద్దకు వచ్చారు. కొడుకు, కోడలు చెరొక రెక్క పట్టుకుని తీసుకువచ్చారు. రాత్రివేళ మూత్రానికి లేచి, తడి బండపై జారి పడ్డారు. ఎముక విరగలేదు. నాలుగు రోజులలో నొప్పి తగ్గింది. కానీ ఆ తరువాత అయిదు నెలలు ఆయన మంచం దిగలేదు.

"సారూ, ముప్పై ఏండ్లు బాయిల పని చేసిన. పైకప్పు కింద భయం అనిపియ్యలె. ఇప్పుడు వాకిట్లకు పోవాలంటే కాళ్లు వణుకుతున్నయి" అన్నారాయన.

కోడలు గుణవంతురాలు. ఆయన కదిలితే చాలు, "కూసో మామా, నేను తెస్త" అని మంచినీళ్ల దగ్గర నుంచి అన్నం దాకా మంచం వద్దకే అందించేది. ఆ ఆదరణలో లోపం లేదు. కానీ అయిదు నెలల ఆ సేవలో ఆయన తొడలు సగమయ్యాయి. కుర్చీ చేతులు పట్టుకోనిదే లేవలేని స్థితి వచ్చింది. పడినవారిలో భయం, భయం వలన కదలకపోవడం, కదలకపోవడం వలన బలహీనత, బలహీనత వలన మళ్లీ పడడం, ఇది ఒక విషవలయం.

నేను ఇచ్చిన తైలం కంటె, కోడలికి చెప్పిన మాటే ఆయనకు ఎక్కువ మేలు చేసింది. "అమ్మా, మంచినీళ్ల చెంబు ఆయన లేచి తెచ్చుకోనివ్వు. నువ్వు పక్కన నిలబడు చాలు" అన్నాను. క్రింద చెప్పబోయే సాధనను ఆమె దగ్గరుండి చేయించింది. నాలుగవ నెలలో ఆయన చేతికర్రతో వీధి చివరి చాయ దుకాణం దాకా నడిచి వెళ్లి, పాత మిత్రులతో కూర్చుని రావడం మొదలుపెట్టారు.

ముందుగా ఎవరు వైద్యుని చూడాలి?

గడచిన ఏడాదిలో ఒకటి కంటె ఎక్కువసార్లు పడినవారు, లేవగానే కళ్లు బైర్లు కమ్మేవారు, స్పృహ తప్పి పడినవారు, ఛాతీ నొప్పి, పక్షవాతం, ఇటీవల జరిగిన శస్త్రచికిత్స గలవారు వైద్యుని అనుమతి లేనిదే సాధన ఆరంభించరాదు. మిగిలినవారు ఇంటిలో రెండు చిన్న పరీక్షలు చేసుకోవచ్చును. పక్కన ఒకరు తప్పక ఉండాలి.

మొదటిది: గోడ పక్కన నిలబడి, ఒక పాదం మడమ రెండవ పాదం వేళ్లకు తగిలేటట్లు ఒకే గీతపై పాదాలుంచి, ఏమీ పట్టుకోకుండా 10 సెకండ్లు నిలవగలగాలి. నిలవలేకపోతే పడిపోయే అపాయం ఎక్కువగా ఉన్నదని గ్రహించాలి.

రెండవది: కుర్చీ నుంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. దీనికి 12 సెకండ్లు, అంతకు మించి పడితే జాగ్రత్త అవసరం.

సాధనా విధానం

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, అరగంట సేపు చాలును. మిగిలిన రోజులలో మెల్లని నడక సాగించాలి. భోజనమైన వెంటనే చేయరాదు. మా ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కనుక ఆ కాలంలో తెల్లవారుజామునే ముగించాలి. పట్టుకోవడానికి గోడకు ఆనించిన బరువైన కొయ్య కుర్చీ గాని, వంటగది గట్టు గాని, కిటికీ ఊచలు గాని ఉండాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, పనికిరాదు. పంచె, చీర చీలమండలకు పైన ఉండేటట్లు కట్టుకోవాలి.

1. మోకాలు చాచుట: కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. ఒక కాలిని మెల్లగా ముందుకు చాచి, 5 అంకెలు లెక్కపెట్టి, మెల్లగా దించాలి. ఒక్కొక్క కాలికి 10 సార్లు. మోకాలి నొప్పి గలవారు దీనితోనే ఆరంభించాలి. తొడ ముందరి కండ బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది.

2. కూర్చుని లేచుట: పాదాలను కొంచెం వెనుకకు జరిపి, నడుము ముందుకు వంచి లేవాలి. మెల్లగా కూర్చోవాలి. దబ్బున కూలబడరాదు. మొదట రెండు చేతుల ఆసరాతో 5 సార్లు, క్రమంగా ఒక చేతితో, చివరకు చేతులు లేకుండా 10 సార్లు. అన్ని సాధనలలో ఇది ముఖ్యమైనది. ఇది ఒక్కటి వచ్చినా మరుగుదొడ్డికి వెళ్లడానికి ఇంకొకరి చేయి అక్కరలేదు.

3. మడమలెత్తుట: ఆసరా పట్టుకుని నిలబడి, మునివేళ్లపై లేచి మెల్లగా దిగాలి. 10 సార్లు. పిక్కల బలానికి ఇది మంచిది.

4. మునివేళ్లెత్తుట: ఆసరాతో నిలబడి మడమలపై బరువుంచి వేళ్లను పైకెత్తాలి. 10 సార్లు. నడకలో కాలివేళ్లు గడపకు తగిలి పడేవారికి ఇది తప్పనిసరి.

5. ప్రక్కకు కాలెత్తుట: ఆసరాతో నిటారుగా నిలబడి, ఒక కాలిని ప్రక్కకు జానెడు ఎత్తి దించాలి. ఒక్కొక్క కాలికి 10 సార్లు. నడుము ప్రక్కకు వాలరాదు. తుంటి ప్రక్క కండలు గట్టిపడితే ఒరిగిపోవడం తగ్గుతుంది.

6. ఏకపాద స్థితి: ఆసరా పట్టుకుని ఒక కాలిపై 10 సెకండ్లు నిలవాలి. స్థిరపడిన తరువాత రెండు చేతులకు బదులు ఒక చేయి, ఆపై రెండు వేళ్లు, చివరకు చేయి ఆసరాకు పైన గాలిలో ఉంచి సాధన చేయాలి.

7. ప్రక్క నడక: వంటగది గట్టు వెంట గాని గోడ వెంట గాని ప్రక్కకు 10 అడుగులు, తిరిగి ఇటు 10 అడుగులు.

8. గీత నడక: నేలపై సుద్దతో గీసిన గీతపై, మడమకు వేళ్లు తగిలేటట్లు ఒక్కొక్క అడుగు వేస్తూ 10 అడుగులు. చూపు పాదాలపై గాక ఎదుట ఉండాలి. గోడకు చేయి అందే దూరంలోనే నడవాలి.

మొదటి రెండు వారాలు 1 నుంచి 4 వరకు మాత్రమే చేయాలి. అవి సులువుగా వచ్చిన తరువాత మిగిలినవి ఒక్కొక్కటే కలుపుకోవాలి. సాధన వలన కండకు తీపు కలగడం సహజం. కీలులో పోటు, వాపు కలిగితే ఆ కదలికను ఆపి వైద్యుని అడగాలి. ఫలితం కనబడడానికి కనీసం రెండు, మూడు నెలలు పడుతుంది. మానివేస్తే పొందిన బలం కొద్ది వారాలలోనే జారిపోతుంది. కనుక దీనిని ఔషధపు కోర్సు వలె గాక, దంతధావనం వలె దినచర్యగా భావించాలి. వీలైనవారు గోదావరిఖనిలోని సింగరేణి ఏరియా ఆసుపత్రిలో గాని, తమకు దగ్గరి ఆసుపత్రిలో గాని ఫిజియోథెరపిస్టును ఒకసారి సంప్రదించి, తమ దేహానికి తగిన మార్పులు తెలుసుకోవడం శ్రేయస్కరం.

అభ్యంగం: మేలు, మెలకువ

పాదాభ్యంగం వలన పాదాల బిరుసు, బిగుసుకుపోవడం, తిమ్మిరి తగ్గి స్థిరత్వం కలుగుతుందని చరకసంహిత చెబుతుంది. గోరువెచ్చని నువ్వుల నూనెతో గాని, వైద్యుని సలహాపై క్షీరబలా తైలం, మహానారాయణ తైలం వంటి వాటితో గాని మోకాళ్లకు, పిక్కలకు, అరికాళ్లకు పదిహేను నిమిషాలు మర్దన చేయవచ్చును. దీనివలన కీళ్ల బిగువు సడలి, సాధనకు దేహం అనుకూలిస్తుంది. కానీ తైలం ఒక్కటే కండను పెంచదు. నూనె రాసుకుని పడుకుంటే నిలకడ రాదు. రాసుకున్న తరువాత కదలాలి.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. నూనె రాసిన అరికాలు, నున్నటి బండ, దానిపై నీళ్లు, ఈ మూడూ కలిస్తే మేలు కోరి చేసిన అభ్యంగమే ప్రమాదకారణమవుతుంది. అరికాళ్లకు నూనెను రాత్రి పడుకునే ముందు మంచంపై కూర్చునే రాసుకోవాలి. పది నిమిషాల తరువాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచివేయాలి. తలంటు రోజున స్నానాలగదిలోకి నూనె కాళ్లతో నడిచి వెళ్లరాదు. స్నానం పీటపై కూర్చునే చేయాలి. పీట మరీ ఎత్తు తక్కువైతే లేవడం కష్టం కనుక మోకాలి ఎత్తు గల గట్టి ఆసనం ఉంచుకోవాలి. స్నానమైన తరువాత నేలపై మిగిలిన జిడ్డును ఇంటివారు సున్నిపిండితోనో, సబ్బుతోనో కడిగివేయాలి.

ఇంటి తనిఖీ

గనిలో షిఫ్టు పని ఆరంభానికి ముందు సర్దారు పనిస్థలాన్ని తనిఖీ చేస్తాడు. పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. అక్కడ పనిచేసిన ప్రతివారికీ ఇది తెలుసు. అదే శ్రద్ధతో నెలకొకసారి ఇంటిని తనిఖీ చేయండి.

మంచం నుంచి మరుగుదొడ్డి దాకా దారిలో ఏ చెప్పులూ, బకెట్లూ, వైర్లూ ఉండరాదు. రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఆ దారిలో తప్పక ఉండాలి. మా ప్రాంతపు ఇండ్లలో ఒక విశేషం ఉంది. కొడుకు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రిస్తాడు. ఆయన నిద్ర చెడకూడదని కిటికీలు మూసి, తెరలు దించి, ఇల్లంతా చీకటి చేస్తారు. ఆ చీకటిలో ముసలి తల్లి చప్పుడు కాకుండా గోడ పట్టుకుని నడుస్తుంది. నిద్రించే గదిని మాత్రమే చీకటి చేసి, నడిచే దారిలో వెలుగు ఉంచితే ఇద్దరికీ మేలు.

మరుగుదొడ్డిలో, స్నానాలగదిలో గోడకు గట్టి ఇనుప పిడి బిగించాలి. బకెట్టును గాని, కుళాయిని గాని పట్టుకుని లేవడం అలవాటు కారాదు. గొంతుకూర్చోలేనివారికి కమోడ్ అమర్చాలి. గడపలకు ముదురు పసుపు రంగు వేస్తే చూపు తగ్గినవారికి స్పష్టంగా కనబడుతుంది. అరిగిన హవాయి చెప్పులు వెంటనే పారవేయాలి. మడమను పట్టి ఉంచే, గరుకు అట్టగల పాదరక్షలు వాడాలి.

చేతికర్ర పట్టడం నామర్దా అని కొందరి అభిప్రాయం. జారేవారికి ఆధారమనీ, భయాన్ని పోగొడుతుందనీ చెబుతూ చరకాచార్యులు దండధారణను దినచర్యలోనే చేర్చారు. కర్ర పిడి, చేయి వ్రేలాడదీసినప్పుడు మణికట్టు వద్దకు రావాలి. అడుగున రబ్బరు తొడుగు ఉండాలి. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి.

ఆహారం, ఔషధాలు

కండకు మాంసకృత్తులు, ఎముకకు సున్నం కావాలి. పప్పు, పెసలు, పాలు, పెరుగు, అలవాటున్నవారికి కోడిగుడ్డు, చేప ప్రతిదినం ఏదో ఒక రూపంలో ఉండాలి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాగి జావ, నువ్వుల పొడి, మునగాకు పెద్దలకు అనుకూలమైనవి. ప్రతిదినం కొంతసేపు ఒంటికి ఎండ తగలాలి. ఇల్లు కదలని పెద్దలలో డి విటమిను లోపం సాధారణం కనుక వైద్యుని సలహాపై పరీక్ష చేయించుకోవాలి. వేసవిలో దప్పిక తెలియకపోయినా పలుచని మజ్జిగ, నీరు తరచుగా తాగాలి. నీరు తగ్గితే తల తిరుగుతుంది. మూత్రపిండాల వ్యాధి, గుండె వ్యాధి ఉన్నవారు ఎంత తాగాలో వైద్యుని అడగాలి.

నిద్రమాత్రలు, కొన్ని రక్తపోటు మాత్రలు తూలు కలిగిస్తాయి. మూలికలని చెప్పి ఇష్టానుసారం వాడడం కూడా తగదు. సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుంది. ఇంగ్లీషు మాత్రలతో పాటు తెలియక వాడితే రక్తపోటు మరీ పడిపోవచ్చును. వాడుతున్న అన్ని మందులనూ ఒక సంచిలో వేసి ఏడాదికొకసారి వైద్యునికి చూపించండి. సొంతంగా ఏ మాత్రనూ ఆపవద్దు. రాత్రివేళ లేచేటప్పుడు ముందు ప్రక్కకు తిరిగి, కూర్చుని, పాదాలు నేలపై ఆనించి, ఒక నిమిషం ఆగి ఆ తరువాత నిలబడండి. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష వాయిదా వేయవద్దు.

పడినప్పుడు ఏమి చేయాలి?

పడినవారిని చంకలు పట్టి వెంటనే లాగి లేపవద్దు. ముందు ఎక్కడ నొప్పి ఉందో అడగండి. నొప్పి లేకుంటే, ప్రక్కకు తిరిగి, చేతులు మోకాళ్లపై వచ్చి, గట్టి కుర్చీ దాకా పాకి, దానిని పట్టుకుని బలమైన కాలిని ముందుకు వేసి లేవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఒకరి సహాయంతో, పరుపు మీద దీనిని అభ్యసించి ఉంచుకోవడం మంచిది.

తుంటిలో తీవ్రమైన నొప్పి ఉండి, కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనబడితే ఎముక విరిగిందని అనుమానించాలి. మర్దన చేయరాదు, లాగి కట్టు కట్టించరాదు, నాటు చికిత్సలతో కాలం వృథా చేయరాదు. ఒకటి రెండు రోజులలో శస్త్రచికిత్స జరిగితే కోలుకునే అవకాశం మెరుగు. తలకు దెబ్బ తగిలి వాంతి, మగత కలిగినా, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి తలకు ఏ చిన్న దెబ్బ తగిలినా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

పడిన తేదీ, వేళ, చోటు, అప్పుడు చేస్తున్న పని ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. పడబోయి నిలదొక్కుకున్న సందర్భాలు కూడా రాయండి. రెండుసార్లు ఒకే చోట జరిగితే లోపం కాలిలో కాక ఇంటిలో ఉందని తెలుస్తుంది. ఒకే వేళ జరిగితే ఆ వేళకు ముందు వేసుకునే మందును గురించి వైద్యుని అడగవచ్చును.

ఇంటిలోని కొడుకులకు, కోడళ్లకు, బిడ్డలకు నా మనవి ఒక్కటే. పెద్దలకు సేవ చేయడమంటే వారి పని అంతా మీరు చేసిపెట్టడం కాదు. వారు చేయగలిగిన పనిని వారిచేతనే, పక్కన నిలబడి చేయించడం. రేపు ఉదయం ఒక గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. "నాయనా, అయిదుసార్లు కూర్చుని లే, నేను లెక్కపెడతాను" అని చెప్పండి.